ఖాలిక్ చెప్పలేదట

మా షాపు ఓనరు పెద్దబ్బాయి గారికి దేవుడంటే ఎంత భయమో, కాగితమంటే అంత ధైర్యం. పండగ పూట టైరు కింద నిమ్మకాయ నలగకుండా లారీ గేటు దాటితే ఆయనకు చెమటలు పడతాయి. అదే మనిషి కాగితం మీద ఎలాంటి అబద్ధం కిందనైనా నిమ్మళంగా సంతకం పెట్టేస్తారు. ఆ సంతకాల్లో ఒకదాని పక్కన నాది కూడా ఉంది కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగాన్ని మాత్రం నేను వదులుకోను.

విజయవాడ ఆటోనగర్‌లో మాది ఇనుప ఫ్రేములు, స్టాండ్లు తయారుచేసే షాపు. పెద్దబ్బాయి గారిది బందరు దగ్గర చేపల వేట మీద బతికిన కుటుంబం. వేటకెళ్ళే పడవల ఇంజన్లకు విరిగిన షాఫ్టులు అతకడంతో మొదలుపెట్టి, ముప్పైమంది పనిచేసే షాపు దాకా వచ్చారు. ఆ షాఫ్టులు అతికిన చెయ్యి ఆయనది కాదు, వెల్డరు ఖాలిక్‌ది. ఇద్దరూ ఒకే క్యారియర్‌లో అన్నం కలుపుకుని తిన్నారని పాతవాళ్ళు చెప్పేవారు. నేను డిప్లొమా చదివి తొంభై ఆరులో అక్కడ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. వెల్డింగ్ షాపులో ఆడపిల్లకేం పని అని అందరూ నవ్వుతుంటే, "ఉషమ్మా, ముందు ఈ అద్దం పెట్టుకుని మంటలోకి చూడండి, నవ్వేవాళ్ళని తర్వాత చూద్దురుగాని" అన్న మనిషి ఖాలిక్. మంచి వెల్డు ఏదో, మోసం చేసే వెల్డు ఏదో నాకు నేర్పింది ఆయనే. కాలేజీలో నేర్చుకున్నది పరీక్ష రాయడం వరకే.

రెండువేల ఒకటిలో మాకు ఒక అణువిద్యుత్ కేంద్రం పని వచ్చింది. ఊరు పేరు చెప్పను. పాత ప్లాంటే, అందులో కొత్త బ్యాటరీ గది కడుతున్నారు. ఆ బ్యాటరీలు నిలబెట్టడానికి నలభై ఉక్కు ఫ్రేములు మేము చేసివ్వాలి. ఆ ఏడాది జనవరిలోనే గుజరాత్‌లో భూకంపం వచ్చి ఊళ్ళకు ఊళ్ళు కూలిపోయాయి కదా, అందుకని ప్లాంటు వాళ్ళు ప్రతి బోల్టు దగ్గరా ఆగుతున్నారు. కొత్తగా ఏం పెట్టినా, ఉన్నదాన్ని ఏం మార్చినా, భూమి కదిలితే అది నిలబడుతుందా లేదా అని లెక్క కట్టి చూపించాల్సిందే. ఆ లెక్క కట్టే ఇంజనీరు సంజీవరావు గారు. బెంజ్ సర్కిల్ దగ్గర మేడ మీద ఆయన ఆఫీసు.

మొదటి మీటింగులో ఆయన మాకు అర్థమయ్యేలాగే చెప్పారు. "భూకంపం వస్తే ముందు బయటి కరెంటు పోతదండీ. రియాక్టర్ ఆపేసినా దాని వేడి ఆగదు, చల్లబరుస్తూనే ఉండాలి. కంట్రోల్ రూములో మీటర్లు, దీపాలు, వాల్వులు తిప్పే మోటార్లు, అన్నీ ఆ కాసేపూ ఈ బ్యాటరీల మీదే బతకాలి. ఫ్రేము పడిపోయిందనుకోండి, లోపలున్నవాళ్ళకి ఏం జరుగుతుందో కూడా తెలీదు. గుడ్డివాళ్ళయిపోతారు."

పెద్దబ్బాయి గారు తల ఊపి, "మా వెల్డు ఊడదండీ, సముద్రమ్మీదే ఊడలేదు" అన్నారు.

"సముద్రం సంగతి నాకు తెలీదండీ. నా లెక్కలో ఫ్రేము కాలికీ, అడుగు ప్లేటుకీ మధ్య వెల్డుంది చూశారా, భారమంతా దానిమీదే. అక్కడ మిగులు బలం పెద్దగా లేదు. అది పూర్తి బలంతో ఉంటేనే నా లెక్క పాసవుద్ది" అన్నారు సంజీవరావు గారు.

ఈ మాట ఖాలిక్‌కి నేనే చెప్పాను. ఆయన విని, ఆ నూట అరవై కాళ్ళూ ఇంకెవరి చేతికీ ఇవ్వనన్నాడు. అన్నట్టే రెండు నెలలు ఒక్కడే కూర్చుని ముప్పై నాలుగు ఫ్రేములు పూర్తి చేశాడు. నేను ఒక్కొక్కటీ చూసి, బాగున్నవాటి మీద తెల్ల చాక్‌పీసుతో టిక్కు పెట్టేదాన్ని. అనుమానం ఉంటే పసుపు చాక్‌పీసుతో ఇంటూ. రూలు ప్రకారం వైరుతో రేకు బిళ్ళ కట్టాలి. కట్టిన బిళ్ళ గ్రైండింగ్‌లో తెగిపోవడం, మళ్ళీ కట్టడం, ఈ గొడవంతా ఎందుకని మా షాపులో ఎప్పటినుంచో చాక్‌పీసే. నంబర్లు కూడా రంగులయ్యాక, లోడు ఎక్కించే ముందే కొట్టేవాళ్ళం. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు, కానీ ఐదేళ్ళుగా నడిపింది నేనే.

దసరాకి ముందు మంగళవారం ఖాలిక్ నా టేబుల్ దగ్గరికొచ్చాడు. చేతి తొడుగులు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఉషమ్మా, చివరి ఆరు ఫ్రేములు ఆపండి."

"ఏమైంది భాయ్? ఇప్పుడే చూసొచ్చాను, నున్నగా ఉన్నాయిగా."

"పైకి నున్నగానే ఉంటయ్. రాడ్ల ఓవెన్ రాత్రంతా ఆగిపోయింది, ఫ్యూజు పోయిందంట. నేను చూసుకోకుండా ఆ రాడ్లతోనే పొద్దుట్నుంచి ఈ ఆరింటి కాళ్ళూ అతికేశా. ఇందాక ఓవెన్ మీద చెయ్యేస్తే చల్లగా తగిలింది. వానలు పడుతున్నయ్ గదా, అవన్నీ తేమ తాగేసుంటయ్. లోపల పగుళ్ళొస్తయ్. తప్పు నాదే, కోసేసి మళ్ళీ చేస్తా."

ఈ వెల్డింగ్ రాడ్లను ఓవెన్‌లో వేడిగా ఉంచి వేడిమీదే వాడాలి. తేమ పట్టిన రాడ్డుతో అతికిన చోట ఉక్కు లోపల్లోపల చీలుతుంది, పైన గీత కూడా కనపడదు. ఆయన చెప్పకపోతే నాకు తెలిసే దారి లేదు. ఆయన పక్కన నిలబడి చూపిస్తుండగా ఆరింటి మీదా పసుపు ఇంటూలు పెట్టాను. రిజిస్టరులో పండగ తర్వాత రాద్దామనుకున్నాను. పెద్దబ్బాయి గారికి ఫోన్లో చెప్పాను కూడా, "ఆరు ఆపాం సార్, పండగెళ్ళాక మళ్ళీ చేస్తాడు" అని. ఆయన గుడి దగ్గర క్యూలో ఉన్నారు. "సరే అమ్మాయ్, సరే" అన్నారు.

ఆ సాయంత్రమే ఖాలిక్ బంధువుల పెళ్ళికని బందరు వెళ్ళాడు. నేను మంగళగిరి అక్క వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళే ముందు, ఎప్పుడూ చేసేటట్టే, నాలుగు ఖాళీ ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టి సొరుగులో ఉంచాను. నేను లేనప్పుడు చిన్నాచితకా లోడు వెళ్ళాలంటే ఆగిపోకూడదని. ఇది కూడా మా పద్ధతే. రాసుకుంటుంటే సిగ్గేస్తోంది.

ఆయుధపూజకి మా షాపు కడిగినట్టు ఇల్లు కూడా ఎవరూ కడగరు. లేతు మిషన్లకు పసుపు పూసి బొట్లు పెడతారు, వెల్డింగ్ హోల్డర్లకు దండలు కడతారు, గేటుకి అరటి బోదెలు. ఆ ఏడు పెద్దబ్బాయి గారికి ఇంకో ఆలోచన వచ్చింది. అణువిద్యుత్ కేంద్రం పని, షాపు చరిత్రలోనే పెద్ద పని, దశమి నాడు మంచి ఘడియలో లోడు బయల్దేరితే ఇక తిరుగుండదు. పూజలో తుప్పు రంగు కనపడకూడదని, బయటినుంచి పెయింటర్లను పిలిపించి నలభై ఫ్రేములూ సబ్బునీళ్ళతో కడిగించి, రెడాక్సైడ్ కొట్టించి, పైన బూడిదరంగు వేయించారు. ఒక్కో కాలికి పసుపు కుంకాలు పెట్టించారు. దశమి రోజు పదకొండు గంటలకు నలభై ఫ్రేములూ లారీ ఎక్కాయి. సొరుగులో నా సంతకాలు ఉండనే ఉన్నాయి.

శనివారం షాపుకొచ్చి ఖాళీ నేల చూశాను. నేరుగా పెద్దబ్బాయి గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆ ఆరు ఫ్రేములు కూడా వెళ్ళాయా?"

"ఏ ఆరు?" అన్నారు పెద్దబ్బాయి గారు. తర్వాత గుర్తొచ్చినట్టుంది, ముఖం కొంచెం పాలిపోయింది. "గుర్తులేం లేవే అమ్మాయ్. అన్నీ ఒకలాగే ఉన్నయ్."

"కడిగేస్తే ఎందుకుంటాయి సార్? లారీ ఇంకా దారిలోనే ఉంటుంది. వెనక్కి పిలవండి."

ఆయన నావైపు చూసిన చూపు నేనేదో అపచారం మాట్లాడినట్టుంది. "దశమి పూట కొబ్బరికాయ కొట్టి పంపిన బండిని వెనక్కి పిలుస్తారా ఎవరైనా? షాపు మూసుకోవాల్సిందే." నేను అరిచాను. గట్టిగానే అరిచాను, లేతు మీద ఉన్నవాళ్ళు కూడా ఆపి చూశారు. ఆయన సెల్‌ఫోన్ తీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. లారీ ముందుకే పోయింది.

సోమవారం బెంజ్ సర్కిల్‌కి వెళ్ళి సంజీవరావు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన డ్రాయింగు తీసి, కాలు దగ్గర పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టారు. వెల్డు బలం సగానికి తగ్గిస్తే ఎంతవుతుందో నా ఎదురుగానే లెక్క కట్టారు. ఫ్రేము నిలబడటం లేదు.

"ఏ ఆరో తెలీదంటే నలభయ్యీ అనుమానమేనండీ. నలభైకీ కాళ్ళ దగ్గర అదనపు ప్లేట్లు వేసి బిగించాలి. బిగించొచ్చు, కష్టమేం కాదు. బ్యాటరీలు ఎక్కించకముందే చెయ్యాలి, అంతే" అన్నారు.

"అయితే చెప్పండి వాళ్ళకి."

"నా నోటిమాట మీద వాళ్ళు ఒక్క బోల్టు విప్పరండీ. మీ కంపెనీ లెటర్‌హెడ్ మీద రావాలి, తప్పు ఎక్కడ జరిగిందో కారణంతో సహా. మీరు విడిగా రాస్తే అది ఫిర్యాదు కింద పోతది. కమిటీ వేస్తారు, ఆర్నెల్లు. ఈలోపు బ్యాటరీలు ఎక్కేస్తాయి. పది రోజుల్లో లెటర్ తెప్పించండమ్మా." ఆయన మంచివాడే. ఆ సాయంత్రం ఆ మంచితనం నాకు ఏ పనికీ రాలేదు.

పెద్దబ్బాయి గారు తొమ్మిది రోజులు తప్పించుకున్నారు. పదో రోజు పొద్దున్నే నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు. టేబుల్ మీద టైపు చేసిన ఉత్తరం ఉంది. ఫ్రేముల్లో లోపం ఉండే అవకాశం ఉందని, అన్నిటికీ ప్లేట్లు మా ఖర్చుతో వేస్తామని రాసి ఉంది. బాగుంది. కింద కారణం అని ఒక పేరా. వెల్డరు తేమ పట్టిన రాడ్లు వాడాడు, ఆ విషయం తెలిసి కూడా ఎవరికీ చెప్పకుండా దాచాడు, అందువల్ల ఇన్‌స్పెక్షన్‌లో పట్టుకోలేకపోయాం.

"ఖాలిక్ చెప్పాడు సార్. నాకు చెప్పాడు, నేను మీకు చెప్పాను."

"నాకు తెలుసమ్మా." ఆయన గొంతు తగ్గింది. "చెప్పాడని రాస్తే తర్వాత ప్రశ్న ఏంటి? చెప్పినా ఎందుకు పంపారు అని. ఏం రాయను? ఆయుధపూజకి కడిగేశామని రాయనా? అమ్మవారి పేరు ఈ తప్పులోకి లాగమంటావా? నవ్వుతారు. నవ్వి, బ్లాక్‌లిస్టులో పెడతారు. ముప్పైమంది రోడ్డున పడతారు. ఇదైతే ఒక్కడితో పోతది. వాణ్ణి నేను చూసుకుంటాగా, వాడు నా తమ్ముడు లాంటోడు."

నిజంగానే ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుస్తూ గొంతు కోసేవాణ్ణి చూడటం అదే మొదటిసారి.

"నేను సంతకం పెట్టను."

ఆయన సొరుగులోంచి ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ నకలు తీసి ఉత్తరం పక్కన పెట్టారు. నలభై ఫ్రేములూ చూశాను, అన్నీ బాగున్నాయి అని టైపు చేసి ఉంది, కింద నా సంతకం. "ఇది నువ్వు పెట్టిందే కదమ్మా. వెల్డరు దాచాడంటే నిన్నెవరూ అనరు. చెప్పాడంటే, తెలిసి తెలిసి ఈ సర్టిఫికెట్ ఇచ్చింది నువ్వవుతావు. నీ ఇష్టం. క్వాలిటీ సంతకం లేకుండా ఈ లెటర్ పంపలేను. పంపకపోతే ఫ్రేములు అట్టాగే ఉంటయ్."

ఖాలిక్ చెప్పినట్టు లోకంలో మిగిలిన రుజువు నా చెవులే. రిజిస్టరులో లేదు, బిళ్ళ మీద లేదు, ఉన్న కాస్త చాక్‌పీసు సబ్బునీళ్ళలో పోయింది. ఎన్నో వేలమంది ప్రాణాలు ఒకవైపు, ఒక మనిషి పేరు ఒకవైపు అని ఆ క్యాబిన్‌లో లెక్క వేసుకున్నాను. తర్వాత చాలాకాలం నాకు నేను ఆ లెక్కే చెప్పుకున్నాను. కానీ ఉద్యోగం పోతుందని, నా మీద కేసవుతుందని భయపడలేదంటే అబద్ధం. ఇప్పటికే ఉన్నవి చాలు, ఇంకోటి చెప్పను. భయపడ్డాను. సంతకం పెట్టాను.

ఉత్తరం బాగా పనిచేసింది. డిసెంబరులోగా నలభై ఫ్రేములకూ ప్లేట్లు పడ్డాయి. సంజీవరావు గారు కొత్త లెక్క పంపారు, భూకంపానికి సరిపోయింది, మిగులు కూడా ముందుకంటే ఎక్కువే వచ్చింది. తప్పు తామే బయటపెట్టినందుకు ప్లాంటు వాళ్ళు మా షాపును మెచ్చుకుంటూ రెండు లైన్లు రాశారు. పెద్దబ్బాయి గారు వాటిని ఫ్రేము కట్టించారు. ఖాలిక్ వెల్డింగ్ అర్హత కార్డు రద్దయింది. అతన్ని ఏ పనిలోనూ పెట్టుకోవద్దని ప్లాంటుకి సరుకిచ్చే షాపులన్నిటికీ సర్క్యులర్ వెళ్ళింది. ఆటోనగర్‌లో పెద్ద పనులు చేసే ప్రతి షాపూ ఏదో ఒక సర్కారు పని చేసేదే. పెద్దబ్బాయి గారు ఖాలిక్‌కి శాలువా కప్పి, పైవాళ్ళు వద్దంటున్నారని మాత్రం చెప్పి పంపించారు. తమ్ముడిని చూసుకోవడమంటే అదే కాబోలు.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం మధ్యాహ్నం వించిపేటలో ఖాలిక్ ఇంటికి వెళ్ళాను. ఇంటి ముందు కిటికీ గ్రిల్లు ఒకటి గోడకు ఆనించి ఉంది. ఇప్పుడు అవి చేస్తున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచాడు. డిగ్రీ చదివే కూతురు ముబీనా టీ తెచ్చి పెట్టి, వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది.

సర్క్యులర్ నకలు ఆయన దగ్గర ఉంది. మా ఉత్తరంలోని మాటలే అందులో ఎత్తి రాశారు. వేరే షాపువాళ్ళు పని లేదంటూ చేతికిచ్చి పంపారట. ఇంగ్లీషులో ఉంటే ముబీనా చదివి చెప్పిందట.

"తప్పు నాదని రాస్తే రాశారమ్మా. రాడ్లు చూసుకోనిది నేనే, చెయ్యి నాదే. దానికి నేనేమీ అనుకోను." ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "చెప్పలేదని ఎందుకు రాశారమ్మా? చెప్పాను గదా. మీరు పసుపు చాక్‌పీసు తీసుకొచ్చారు, నేను పక్కనే నిలబడ్డా."

అంతా చెప్పాను. పూజ, లారీ, పది రోజుల గడువు, సర్టిఫికెట్, క్యాబిన్. ఏడ్చాను కూడా. ఆయన మొత్తం విని ఒక్కటే అడిగాడు.

"ఫ్రేములు బాగు చేశారా?"

"చేశారు భాయ్."

"నలభయ్యీనా?"

"నలభయ్యీ."

"మంచిదమ్మా." గుమ్మంలో ఉన్న కూతురి వైపు చూశాడు. "నాకొక్క సాయం చేయండి. మా ముబీనాకి ఒక్కమాట చెప్పండి, నేను చెప్పానని. నేను చెప్తే ఊఁ అంటది. కానీ ఆ కాగితం చదివింది తనే గదా."

నేను ఆ పిల్ల వైపు తిరిగి చెప్పాను. "మీ నాన్న దాచలేదమ్మా. దసరా ముందు మంగళవారమే నాకు చెప్పారు. తప్పు జరిగిందని ఆయనంతట ఆయనే వచ్చి చెప్పారు. ఉత్తరంలో ఉన్నది అబద్ధం."

ముబీనా లోపలికి వెళ్ళి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపుకొచ్చింది. నా టీ గ్లాసు పక్కకు జరిపి, కాగితం పరిచి, దానిమీద పెన్ను పెట్టింది.

"ఇప్పుడు చెప్పిందే రాసివ్వండి మేడమ్. రెండు లైన్లే."

పెన్ను తీసుకున్నాను. సంతకం పెట్టిన రోజు నాకు ఫ్రేముల సాకు ఉంది, రియాక్టరు ఉంది, వేలమంది ఉన్నారు. ఇప్పుడు ఫ్రేములు నిలబడ్డాయి, గడువు లేదు, ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. ఆ గదిలో అడ్డం ఉన్నది నా ఉద్యోగం ఒక్కటే. అది నాకు తెలిసింది. నా ముఖం చూసి ఖాలిక్‌కి కూడా తెలిసింది.

"వదిలెయ్ బేటీ, మేడమ్ గారిని ఇబ్బంది పెట్టకు" అన్నాడు.

ఆ పిల్ల వదల్లేదు. టేబుల్‌కి అటువైపు నిలబడి, నా చేతివైపే చూస్తూ, చాలాసేపు ఎదురుచూసింది.

నేను రాయలేదు.